నీటిమట్టంతో పాటు నీటి గుణమూ అచ్చువేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

వానలు మొహం చాటేసిన ప్రతి ఏడాదీ పత్రికల జిల్లా పేజీల్లో జలాశయాల లెక్కలు వస్తాయి. కళ్యాణి డ్యాంలో ఎన్ని అడుగులున్నాయి, కండలేరులో ఎన్ని టీఎంసీలున్నాయి, తిరుపతికి ఇంకెన్నాళ్లు సరిపోతాయి అని రాస్తారు. ఆ లెక్కలు కావలసినవే. కానీ కరవు నీళ్లను తగ్గించి ఊరుకోదు, మిగిలిన కాసిన్ని నీళ్లను చెడగొడుతుంది కూడా. ఆ చెడు ఎంతవరకు వచ్చిందో చెప్పే అంకె ఒక్కటీ జనం చేతికి అందదు. నీటి పరీక్షలు, నీటి శుద్ధి మా పని. తిరుపతి పక్కగా పారే స్వర్ణముఖి నదిని దృష్టిలో పెట్టుకుని ఈ ఉత్తరం రాస్తున్నాం. చిత్తూరు మధ్యగా పోయే నీవా నదికీ ఇందులో చాలా భాగం వర్తిస్తుంది.

మొదట చిన్న లెక్క. బీఓడీ అంటే నీళ్లలో కుళ్లే సరుకును సూక్ష్మజీవులు తినడానికి ఎంత ఆక్సిజన్ ఖర్చవుతుందో చెప్పే కొలత. మన దేశంలో సీసాను 27 డిగ్రీల దగ్గర 3 రోజులుంచి కొలుస్తారు. ఇళ్ల మురుగులో ఇది లీటరుకు 150 మిల్లీగ్రాములనుకుందాం. శుభ్రమైన ఏటి నీళ్లలో 2 ఉంటుంది. మనుషులు స్నానం చేసే రేవులో 3 దాటకూడదన్నది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. ఇప్పుడు సెకనుకు 10 లీటర్ల మురుగు తెచ్చే ఒక కాలువ ఏటిలో కలుస్తోందనుకోండి. ఏటిలో సెకనుకు 1000 లీటర్లు పారుతుంటే కలిసిన నీళ్ల బీఓడీ మూడున్నర దగ్గర ఆగుతుంది. ఏరు 100 లీటర్లకు తగ్గితే పదిహేనున్నర అవుతుంది. 10 లీటర్లకు పడిపోతే 76. ఈ మూడు సందర్భాల్లోనూ కాలువ మారలేదు, ఊరు మారలేదు, కొత్తగా ఒక్క చుక్క మురుగు పెరగలేదు. తగ్గింది ఏరు మాత్రమే. కరవులో నది చెడడానికి కొత్త దోషి ఎవరూ అక్కర్లేదు, పాత దోషే పదింతలవుతుంది.

శుద్ధి చేసిన మురుగుకు పెట్టిన హద్దుల వెనక కూడా ఈ లెక్కే ఉంది. బ్రిటన్‌లో మురుగు పారవేతపై వేసిన రాయల్ కమిషన్ 1912లో బీఓడీ 20, తేలియాడే మలినాలు 30 అని ఒక కొలమానం పెట్టింది. ఆ తర్వాత ప్రపంచమంతా దాన్ని ఏదో ఒక రూపంలో వాడుకుంది. అయితే కలిసే చోట మురుగుకు కనీసం ఎనిమిది రెట్లు మంచి నీళ్లు పారుతుండాలన్న షరతు మీదే వాళ్లు ఆ మాట చెప్పారు. బీఓడీ 2 ఉన్న ఎనిమిది పాళ్ల ఏటి నీళ్లలో బీఓడీ 20 ఉన్న ఒక పాలు కలిస్తే సరిగ్గా 4 వస్తుంది. వాళ్లు ఓర్చుకోగలమనుకున్న హద్దు అదే. మన పర్యావరణ పరిరక్షణ నిబంధనల్లో నదుల్లోకి, చెరువుల్లోకి వదిలే నీళ్లకున్న సాధారణ హద్దు 30. ఆ హద్దు తుచ తప్పకుండా పాటించినా, ఎండిన ఇసుకలోకి వదిలితే అక్కడ పారేదంతా 30 బీఓడీ నీళ్లే. అంటే స్నానపు ప్రమాణానికి పది రెట్లు. ఆ ఎనిమిది పాళ్ల మంచి నీళ్లు స్వర్ణముఖిలో ఏడాదికి ఎన్ని నెలలు ఉంటాయో ఏటి ఒడ్డున బతికేవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు.

పాకాల వైపు కొండల్లో పుట్టి, తొండవాడ దగ్గర భీమా, కళ్యాణి నదులను కలుపుకుని, తిరుచానూరు, గుడిమల్లం, శ్రీకాళహస్తి మీదుగా సముద్రానికి పోయే ఈ ఏరు వాన మీదే బతుకుతుంది. దాని ప్రాణమంతా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య రుతుపవనం. 2021 నవంబరులో చూసినట్టు ఒక్కోసారి ఊళ్లను ముంచేసేంత నీరొస్తుంది. నవంబరు వానలు తప్పిన ఏడాది మాత్రం సంక్రాంతి నాటికే ఇసుక బయటపడుతుంది. అయినా శివరాత్రికి శ్రీకాళహస్తిలో జనం ఏట్లో మునుగుతారు, పిల్లల నెత్తిన నీళ్లు చల్లుతారు. నది ఎంత సన్నగా ఉన్నా అది వాళ్లకు స్వర్ణముఖే. అందుకే ఆ రోజుల్లో అక్కడ ఏ నీళ్లున్నాయో ముందుగా చెప్పడం మన బాధ్యత.

పరికరాలు లేనివాళ్లకు ఒక గుర్తు చెబుతాం. ఊరికి ఎగువన ఇసుక పొడిగా ఉండి, దిగువన మాత్రం సన్నటి ధార పారుతోందంటే ఆ ధార ఊరి కాలువలదే. దాని ఒడ్డున తుంగ, గుర్రపుడెక్క పచ్చగా కమ్ముకుంటాయి. ఎండాకాలంలో ఆ పచ్చదనం చూసి ఏట్లో ఇంకా జీవం ఉందనుకునేవాళ్లున్నారు. ఆ పచ్చదనాన్ని పెంచుతున్నది మురుగులోని నత్రజని, భాస్వరం.

ఆక్సిజన్ సంగతికొస్తే, 20 డిగ్రీల నీళ్లు లీటరుకు సుమారు 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టుకోగలవు. 30 డిగ్రీల దగ్గర 7.6, 35 డిగ్రీల దగ్గర 7కు కాస్త తక్కువ. మన ఏప్రిల్, మే ఎండల్లో మోకాలి లోతు కూడా లేని నీళ్లు ఎంత కాగుతాయో తెలిసిందే. నీళ్లు వేడెక్కేకొద్దీ పట్టుకునే ఆక్సిజన్ తగ్గుతుంది, సూక్ష్మజీవుల ఆకలి పెరుగుతుంది. మడుగులు కట్టి ధార ఆగిపోతే గాలి కలిసే దారీ మూసుకుపోతుంది. ఈ మూడూ ఒకేసారి మీద పడతాయి.

దీన్ని కంటితో చూపించే పరీక్ష ఒకటుంది. 300 మిల్లీలీటర్ల గాజు సీసాను బుడగ చేరకుండా నీళ్లలో ముంచి నింపుతాం. ఒడ్డునే నిలబడి మాంగనస్ సల్ఫేటు 2 మిల్లీలీటర్లు, క్షారం కలిపిన అయోడైడ్-అజైడ్ ద్రావణం 2 మిల్లీలీటర్లు పిపెట్ కొనను నీళ్లలోకి దించి వదులుతాం. మూతపెట్టి సీసాను తలకిందులు చేస్తూ కలిపితే తెట్టు లేస్తుంది. నీళ్లలో ఆక్సిజన్ ఉంటే ఆ తెట్టు ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. అసలు లేకపోతే విరిగిన పాలలా తెల్లగానే ఉండిపోయి అడుక్కి దిగుతుంది. తెల్లతెట్టు వచ్చిందంటే ఆ మడుగులో చేప బతకదని ప్రయోగశాలకు వెళ్లకుండానే చెప్పవచ్చు.

ఇక్కడే పెద్ద మోసం ఒకటుంది. పాకుడు పట్టిన మడుగులో మధ్యాహ్నం 2 గంటలకు నమూనా తీస్తే ఆక్సిజన్ 10, 12 కూడా చూపిస్తుంది. పగలంతా నాచు ఎండలో ఆక్సిజన్ వదులుతుంది కాబట్టి అంత వస్తుంది. రాత్రి అదే నాచు ఆక్సిజన్ పీల్చుకుంటుంది. తెల్లవారుజామున 5 గంటలకు అదే చోట తీస్తే 1 కూడా ఉండకపోవచ్చు. చేపలు నోళ్లు పైకి తెరుచుకుని తేలేది ఆ వేళలోనే. పగలు తీసిన ఒక్క నమూనా పట్టుకుని 'ప్రమాణానికి లోబడే ఉంది' అని రాసుకుంటే కాగితం నిజమే చెబుతుంది, ఏరు మాత్రం చచ్చిపోతుంది. అందుకే కరవు నెలల్లో నమూనా పొద్దు పొడవక ముందే తీయాలని మేం పట్టుబట్టేది. తీసిన గంట, నీటి ఉష్ణోగ్రత, ప్రవాహం ఎంతుందన్నదీ పక్కనే రాయాలి. ప్రవాహం రాయని బీఓడీ అంకెతో ఎవరికీ ఉపయోగం లేదు.

నాచు మధ్యాహ్నం నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్‌ను కూడా 9 దాకా లాగుతుంది. మురుగులోని అమ్మోనియా పీహెచ్ 7 దగ్గర దాదాపు అంతా హానిలేని రూపంలో ఉంటుంది. 9 దగ్గరకు వచ్చేసరికి మన వేడిలో మూడో వంతుకు పైగా చేపల మొప్పలను కాల్చే రూపానికి మారిపోతుంది. రాత్రి ఊపిరాడక, పగలు విషం తగిలి, రెండు పూటలా చేపకు చావే.

ఇక ఇసుక. ఏటి ఇసుక నీళ్లను దాచే తొట్టె, వడపోసే జల్లెడ కూడా. ఘనపు మీటరు ఇసుక నుంచి 200 నుంచి 250 లీటర్ల నీళ్లు ఊటగా బయటికొస్తాయి. వంద ఘనపుటడుగుల ట్రాక్టరు లోడు ఇసుక ఏటిలోంచి పోతే అది దాచిపెట్టగల ఆరేడు వందల లీటర్ల చోటు కూడా పోతుంది. అది ఒక్క సంవత్సరంతో తీరే నష్టం కాదు, ప్రతి వానకూ అంత నిల్వ తక్కువే. వడపోత సంగతి ఇంకా ముఖ్యం. ఇసుక మందంగా ఉన్నచోట నీళ్లు నెమ్మదిగా దిగుతూ సూక్ష్మజీవులను చాలావరకు వదిలించుకుంటాయి. ఇసుక తోడేసి బండ, జిగురుమన్ను తేలినచోట గుంటలు పడి మురుగు నిలుస్తుంది.

మామూలు ఏడాదిలో ఒడ్డున ఉన్న భూగర్భజలం ఏటిలోకి ఊరుతుంది. కరవులో బోర్లు ఆ మట్టాన్ని కిందికి లాగేస్తాయి కాబట్టి ఊట తిరగబడుతుంది, ఏటిలో ఉన్నదే భూమిలోకి దిగుతుంది. ఏటిలో ఉన్నది మురుగైతే దిగేదీ మురుగే. ఒడ్డున ఉన్న ఊటబావుల్లో, మురుగులోని నత్రజని నుంచి పుట్టే నైట్రేటు పెరగడానికి ఇదొక ముఖ్య కారణం. తాగే నీళ్లలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. సీసాపాలు తాగే పసిపిల్లలకు అంతకు మించితే రక్తం ఆక్సిజన్ మోయలేని జబ్బు రావచ్చు. నీళ్లు మరగబెడితే నైట్రేటు పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. చంటిబిడ్డలున్న ఇళ్లలో ఈ సంగతి తప్పక తెలియాలి.

కుప్పం మీదుగా తమిళనాడులోకి పోయే పాలారు ఈ విషయంలో మన కళ్లముందున్న హెచ్చరిక. ఏడాదిలో ఎక్కువ భాగం ఎండి ఉండే ఆ నదిలోకి దిగువన వేలూరు వైపు తోళ్ల పరిశ్రమల ఉప్పునీళ్లు దశాబ్దాల పాటు దిగి, ఒడ్డున ఉన్న బావులను పాడుచేశాయి. కుళ్లే సరుకు ఏదో ఒకనాటికి కుళ్లి పోతుంది. ఉప్పు కుళ్లదు, కడిగే వరద వస్తేనే పోతుంది.

చిత్తూరు వైపు మరో చిక్కుంది. తోతాపురి మామిడి గుజ్జు తీసే కాలం దాదాపు జూన్, జూలై నెలలు. వంకల్లో, ఏరుల్లో నీళ్లు అట్టడుగున ఉండేదీ అప్పుడే. పండ్లు కడిగిన నీళ్లు, యంత్రాలు కడిగిన నీళ్లు, తొక్కల నుంచి కారే రసం కలిస్తే బీఓడీ వేలల్లో ఉంటుంది. ఇళ్ల మురుగు దాని ముందు ఏపాటి? చక్కెర ఎక్కువ కాబట్టి గంటల్లో పులిసి పీహెచ్ పడిపోతుంది, పుల్లని వాసన కొడుతుంది. ఇలాంటి నీళ్లను శుద్ధి చేసే ట్యాంకులోని సూక్ష్మజీవులు ఏడాదిలో తొమ్మిది పది నెలలు పస్తుంటాయి. సీజను మొదలయిన రోజునే మోయలేనంత తిండి పడితే అవి తట్టుకోలేవు, నురగ కట్టి బురద పైకి తేలిపోతుంది. సీజనుకు నెల ముందు నుంచే పేడనీళ్లో, మరో ప్లాంటు నుంచి తెచ్చిన, సూక్ష్మజీవులు నిండిన చురుకైన బురదో వేసి కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. ఆమ్లాన్ని విరవడానికి సున్నం, సూక్ష్మజీవులకు కావలసిన నత్రజని, భాస్వరం కోసం యూరియా, డీఏపీ కలపాలి. మామిడి రసంలో ఆ రెండూ బాగా తక్కువ. తొక్కలు, టెంకలు నీళ్లకు తగలకముందే వేరుచేస్తే చాలా బరువు అక్కడే దిగిపోతుంది. రైతు పండు అమ్ముకునే దారికి మేం అడ్డుపడటం లేదు. కరవు ఏడాది ఆ నీళ్లు వంకలోకి కాక సొంత నిల్వ గుంటల్లోకి పోవాలన్నదే మా మాట.

జలాశయాల్లో మరో రకం చెడు జరుగుతుంది. మట్టం పడిపోయిన డ్యాంలో ఎండకు పైపొర వేడెక్కి తేలుతుంది, అడుగుపొర చల్లగా కదలక ఉండిపోతుంది. అడుగున ఆక్సిజన్ అయిపోగానే పూడికలోని ఇనుము, మాంగనీసు కరిగి నీళ్లలోకి వస్తాయి. గాలి తగిలాక అవే ఇంటి ట్యాంకులో ఎర్రగా, నల్లగా పేరుకుంటాయి, తెల్లబట్టల మీద మరకలవుతాయి. పైపొరలోనేమో నీలి ఆకుపచ్చ నాచు తేలుతుంది. కుళాయి నీళ్లు మట్టివాసన, బూజువాసన వేస్తే దానికి తరచూ కారణం ఆ నాచు వదిలే జియోస్మిన్ అనే పదార్థం. వాసన మాత్రమే అయితే పెద్ద హాని లేదు, కానీ ఆ జాతుల్లో కొన్ని కాలేయాన్ని దెబ్బతీసే విషాన్ని తయారుచేస్తాయి. మరగబెట్టినా ఆ విషం పోదు. కంగారుపడి మైలుతుత్తం చల్లితే నాచు కణాలు పగిలి లోపలున్న విషమంతా ఒక్కసారిగా నీళ్లలోకి దిగుతుంది. చల్లాలంటే నాచు మొలకదశలోనే చల్లాలి, ముదిరాక చల్లకూడదు. నీళ్లు తీసుకునే తూములు వేరువేరు ఎత్తుల్లో ఉన్నచోట అడుగుపొరనూ, మీది నాచుపొరనూ వదిలి మధ్య తూము తెరవాలి. ప్రతి వారం ఒక్కో మీటరు లోతున ఆక్సిజన్ కొలిస్తేనే ఏ తూము తెరవాలో తెలుస్తుంది.

క్లోరిన్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. రోగాలు రావడం, ఆగడం ఇక్కడే తేలుతుంది. మంచి నీళ్లకు 1000 లీటర్లకు రెండున్నర గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడర్ చాలు. 10,000 లీటర్ల ట్యాంకుకు 25 గ్రాములు. పంచాయతీల్లో చాలాచోట్ల ఈ కొలత నోటికి వచ్చు. కరవులో వచ్చే నీళ్లలో లీటరుకు అరమిల్లీగ్రాము అమ్మోనియా నత్రజని ఉందనుకోండి. అది ఒక్కటే తన బరువుకు ఎనిమిది నుంచి పది రెట్ల క్లోరిన్‌ను మింగేస్తుంది. అంటే లీటరుకు 4 నుంచి 5 మిల్లీగ్రాములు. అదే ట్యాంకుకు ఇప్పుడు సుమారు 150 గ్రాములు పడితేగాని సూక్ష్మజీవులను చంపే క్లోరిన్ మిగలదు. పాత అలవాటుకొద్దీ 25 గ్రాములు వేస్తే ఏమీ వేయనట్టే. పైగా మూత తీసిన బస్తాలో ఉన్న పౌడర్ మన ఎండకు నెలల్లోనే బలం కోల్పోతుంది. తాజాగా 33 శాతం ఉండాల్సిన క్లోరిన్ ఎంతుందో చూడకుండా కొలిస్తే కొలతే తప్పు. పీహెచ్ సంగతీ ఉంది: 7.5 దగ్గర క్లోరిన్‌లో సగం చురుకైన రూపంలో ఉంటే, 8.5 దగ్గర పదో వంతే ఉంటుంది.

పరీక్షలోనూ పొరపాటు పడేవాళ్లున్నారు. ఆర్థోటాలిడిన్ అనే రసాయనం చుక్కలు వేసి పసుపు రంగు రాగానే క్లోరిన్ ఉందని రాసేస్తారు. వేసిన వెంటనే, పది సెకన్లలోపు వచ్చే పసుపే దేనితోనూ ముడిపడని స్వేచ్ఛా క్లోరిన్. ఐదు నిమిషాలకు మెల్లగా ముదిరే పసుపు అమ్మోనియాతో ముడిపడిన బలహీనమైన క్లోరిన్‌ది. డీపీడీ అనే మరో రసాయనపు ఒకటో నంబరు మాత్రతో వచ్చే గులాబీ రంగును వెంటనే చూసుకుంటే ఈ గందరగోళం తక్కువ. కుళాయి చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల స్వేచ్ఛా క్లోరిన్ మిగలాలి. రెండు మూడు రోజులకొకసారి నీళ్లొదిలే రోజుల్లో గొట్టం ఖాళీ అయి బయటి మురుగును లోపలికి పీల్చుకుంటుంది. కాబట్టి ట్యాంకు దగ్గర కొలిచి సంతృప్తి పడకూడదు, లైను చివరి ఇంట్లో, మొదటి పది నిమిషాల నీళ్లు వదిలేశాక కొలవాలి. జలజీవన్ మిషన్ కింద గ్రామానికి ఐదుగురు మహిళలకు పరీక్షల శిక్షణ ఇచ్చే ఏర్పాటు ఉంది. కరవు ఏడాది వాళ్ల చేతికి, మలం నుంచి వచ్చే సూక్ష్మజీవులను పట్టిచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ సీసాలు ఎక్కువగా ఇవ్వండి. నీళ్లు పోసి గది వేడిలో ఉంచితే 24 నుంచి 48 గంటల్లో నల్లబడిన సీసా ఆ బావి నీళ్లు తాగొద్దని చెప్పేస్తుంది.

చివరిగా అందరూ మరిచే సంగతి, కరవు తీర్చే మొదటి వాన. నెలల తరబడి ఏటి పడకలో, కాలువల్లో ఎండిన బురద, చెత్త, పశువుల పేడ, కాలిన గడ్డి బూడిద అంతా ఆ వానకు ఒక్కసారిగా కదులుతుంది. ఎర్రనీళ్లు చూసి జనం హారతులు పడతారు, పడాల్సిందే. కానీ ఆ నీళ్ల ముందు భాగమే ఏడాది మొత్తంలోకీ మురికి నీళ్లు. ఏటి నుంచీ, ఏటి ఒడ్డు బావుల నుంచీ నీళ్లు తోడే పంపులను ఆ ఒకటి రెండు రోజులు ఆపాలి. నిల్వ ట్యాంకులను వాన సూచన రాగానే ముందే నింపుకోవాలి. చెరువుల్లోకి మళ్లించే కాలువల తలుపులు తొలి ఉరవడి పోయాకే ఎత్తాలి. లేకపోతే ఏడాదికి సరిపడా పెట్టుకున్న చేపపిల్లలు ఒక్క రాత్రిలో తెల్లకడుపులు చూపిస్తాయి.

కరవు మండలాల ప్రకటన వచ్చిన రోజు నుంచే అధికారులు రెండు పనులు చేయాలని కోరుతున్నాం. ఏటిలో ఎనిమిది పాళ్ల మంచి నీళ్లు లేనన్నాళ్లూ శుద్ధి చేసిన నీళ్లను ఏటిలోకి వదలకుండా చెట్లకు, పశుగ్రాసానికి, పరిశ్రమలకు మళ్లించండి. భూమి మీద సాగుకు వదిలే నీళ్లకు నిబంధనల్లో బీఓడీ 100 దాకా వీలుంది. కొత్తిమీర, పుదీనా వంటి పచ్చిగా తినే ఆకులకు మాత్రం ఆ నీళ్లు పెట్టనివ్వవద్దు. రెండోది, నెలకోసారి తీసే నమూనాను వారానికోసారి చేయండి, తెల్లవారుజామున తీయండి.

సంపాదకులుగా మిమ్మల్ని కోరేది ఒకటే. జలాశయాల మట్టం వేసే ఆ చిన్న పెట్టెలోనే ఇంకో వరస కలపండి. తొండవాడ, తిరుచానూరు దిగువన, శ్రీకాళహస్తి స్నానఘట్టం దగ్గర ఆ వారం ఆక్సిజన్ ఎంత, బీఓడీ ఎంత, మల సంబంధిత కోలిఫాం అనే సూక్ష్మజీవులు ఎన్ని, ప్రవాహం సెకనుకు ఎన్ని లీటర్లు, నమూనా తీసిన వేళ ఏది అన్నది అందులో ఉండాలి. పక్కనే స్నానానికి ఉండాల్సిన హద్దులు కూడా వేయండి: ఆక్సిజన్ 5కు తగ్గకూడదు, బీఓడీ 3 మించకూడదు, కోలిఫాం 100 మిల్లీలీటర్లకు 500 లోపు ఉంటే మేలు, 2500 దాటితే దిగకూడదు. అంకెలు అందని వారం ఆ గడిని ఖాళీగానే అచ్చువేయండి.

ఇట్లు,
నీటి పరీక్షల పనిలో ఉన్న కొందరు,
తిరుపతి